ఓవరాక్షన్

కట్టుడు పళ్ళు చేసేవాడు ఎవరిని చూసినా ముందు నోరు చూస్తాడంటారు. ఆ పనే చేసే సిఫారసు మాత్రం భుజాలు చూస్తాడు. ఆ ఉదయం డాక్టరమ్మ గోడ అవతల్నించి "ఒకసారి వచ్చి పంటి రంగు చూసి వెళ్ళు" అని కేకేసింది. మైనం అంటిన వేళ్ళు తుడుచుకుంటూ వెళ్ళినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. కుర్చీలో పడుకున్న మనిషి నోరు తెరిచి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. మొహం నిండా లైటు పడుతోంది. ఆ భుజాలు మాత్రం కుర్చీకి చాలకుండా రెండు పక్కలకీ పొంగి ఉన్నాయి. గండ్రగొడ్డలి! ఆరడుగుల దూరంలో, చొక్కా మెడకింద కాగితపు తువ్వాలు పెట్టుకుని!

సిఫారసు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, వినేవాళ్ళు పెట్టింది. పగలంతా దంతవైద్యశాల వెనకగదిలో సుద్ద అచ్చులు పోసి, మైనంలో పళ్ళు కూర్చి, అరగదీసి, మెరుగుపెట్టి బతికే ఈ మనిషి 'ముచ్చటగా మూడు' అనే కార్యక్రమం రికార్డు చేసి ఫోన్లలోకి వదులుతాడు. చదవాల్సిన బొమ్మల కథ ఒకటి, చూడాల్సిన సినిమా ఒకటి, వెళ్ళాల్సిన కుస్తీ ఒకటి. అతనికో నియమం ఉంది. బాగున్నదాన్నే చెప్తాడు, బాగోలేనిదాని ఊసెత్తడు. తిట్టేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు, మెచ్చుకునేవాళ్ళకే కరువు అంటాడు. అతను మెచ్చుకున్న పుస్తకం సాయంత్రానికి కొట్లో దొరకదు. అందుకని కాస్త గర్వం ఉందంటే ఉంది. ఎవరికుండదు?

కుస్తీ అంటే మట్టిలో పట్టే కుస్తీ కాదు. శనివారం సాయంత్రాలు ఒక పాత గోదాములో, తాళ్ళు కట్టిన చెక్కబరి మీద వేషాలు వేసుకుని ఆడే కుస్తీ. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఆ సంగతి చూసేవాళ్ళకీ తెలుసు. తెలిసే అరుస్తారు, తెలిసే ఏడుస్తారు. నాటకమని తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగుతుందా? గండ్రగొడ్డలి అందులో దుర్మార్గుడు. ఓడిపోవడమే అతని ఉద్యోగం. ఎంతమంది వీరులు పుట్టుకొచ్చారో అందరి చేతా తన్నులు తిని, వాళ్ళని పెద్దవాళ్ళని చేసి, తను మాత్రం ఉన్నచోటే ఉండిపోయాడు. ఈ మధ్య మెరుపు అనే కుర్రవీరుడు అతన్ని తలకిందులుగా ఎత్తి చాప మీద దించాడు. బిందె బోర్లించడం అంటారు ఆ పట్టుని. అప్పట్నుంచి గండ్రగొడ్డలి ఎడమచెయ్యి వేలాడుతోంది. ఒంటిచేత్తో కొట్లాడుతున్నాడు. ఊడిన బూటుతాడు కట్టుకోలేక, శత్రువునే కట్టమని కాలు చాపుతున్నాడు. ఇన్నాళ్ళూ ఛీ కొట్టిన జనం ఇప్పుడు లేచి నిలబడుతున్నారు. "ఇంత గొప్పగా నొప్పిని నటించేవాణ్ణి నేను చూడలేదు, వెళ్ళి చూడండి" అని లోకానికి చెప్పింది సిఫారసే.

పళ్ళ రంగుల పట్టీ తీసి అతని ముందుపళ్ళ పక్కన పెట్టాడు. విరిగిన పన్ను పక్కనున్నవి కొంచెం పసుపు. ఆ రంగు గుర్తుపెట్టుకున్నాడు.

"పుక్కిలించండి," అంది డాక్టరమ్మ.

గండ్రగొడ్డలి లేచి ఎడమచేత్తో గ్లాసు అందుకోబోయాడు. వేళ్ళు గ్లాసు చుట్టూ మూసుకున్నట్టే మూసుకుని తెరుచుకున్నాయి. నీళ్ళు ఒళ్ళంతా పడ్డాయి. మూల స్టూలు మీద కూర్చున్న అతని భార్య లేచి వచ్చింది. తడిసిన చొక్కా గుండీలు విప్పి, తుడిచి, మళ్ళీ ఒక్కొక్కటే పెట్టింది. ఆ సేపంతా ఎడమచెయ్యి పక్కన ఊరికే వేలాడింది.

ఆ కుస్తీలో పాత కట్టుబాటొకటి ఉంది. బరిలో కుంటినవాడు బజార్లోనూ కుంటాలి. బరిలో శత్రువైనవాడితో టీకొట్లో కూర్చుని టీ తాగకూడదు. ఇప్పటి కుర్రాళ్ళు దాన్ని గాలికొదిలేశారు. పాతకాలపు మనుషులు మాత్రం ఇంట్లో కూడా వేషం దించేవాళ్ళు కాదని సిఫారసు చదివాడు, విన్నాడు, కలలు కన్నాడు. ఇప్పుడు కళ్ళారా చూస్తున్నాడు. పంటి డాక్టరు దగ్గర కూడా వేషం విడవని మనిషి! పెళ్ళాం చేత కూడా వేషం వేయిస్తున్న మనిషి! అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అన్నా, నేను... సిఫారసుని," అన్నాడు గొంతు తగ్గించి.

మత్తుసూదికి సగం మొద్దుబారిన మొహం వెలిగిపోయింది. "నువ్వేనా తమ్ముడూ! నీ గొంతు వింటే ఇంకా లావుగా ఉంటావనుకున్నా."

సిఫారసు ఆ వేలాడే చేతివంక చూసి, అంతా తెలిసినవాడిలా చిన్నగా నవ్వాడు. గండ్రగొడ్డలి కూడా తన చేతివంక చూసుకున్నాడు. క్షణం ఆగి అతనూ నవ్వాడు. భార్య నవ్వలేదు.

*

ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే చోటు బట్టల బీరువా ఒక్కటే. సిఫారసు దాని తలుపులు తెరిచి, అక్క చీరల మధ్య తల దూర్చి రికార్డు చేస్తాడు. బట్టలకొట్లో పొద్దంతా నిలబడి వచ్చిన అక్క, వేడినీళ్ళ బేసినులో కాళ్ళు పెట్టుకుని వెనక కూర్చుంటుంది. దగ్గు వస్తే ఆపుకుంటుంది. తమ్ముడంటే ఆమాత్రం ప్రేమ ఉంది, కుస్తీ అంటే మాత్రం లేదు.

ఆ సాయంత్రం మొదటి రెండూ తొందరగా తేలిపోయాయి. ఒంటికన్ను జైలరు బొమ్మలకథలో మాటల్లేని పేజీల్ని నెమ్మదిగా చూడమన్నాడు. లిఫ్టులో ఇరుక్కుపోయిన పెళ్ళివారి సినిమాలో ముసలి లిఫ్టువాడి కోసం వెళ్ళమన్నాడు. మూడోదానికి వచ్చేసరికి గొంతు మారింది.

"నేను అతన్ని పట్టపగలు చూశాను. ఎక్కడో చెప్పను. గ్లాసు జారవిడిచాడు. చొక్కా గుండీ పెట్టుకోలేదు. చూడ్డానికి అక్కడ టికెట్టు కొన్నవాడు ఒక్కడూ లేడు. అయినా వేషం విడవలేదు. మిత్రులారా, ఈ శనివారం మీకు పెళ్ళి ఉంటే వాయిదా వేసుకోండి. చావుంటే ఆదివారం చావండి. గండ్రగొడ్డలిని చూడండి."

"ఉత్తుత్తి దెబ్బలకి నీకెందుకురా ఇంత నిజం బాధ?" అంది అక్క బేసినులోంచి కాలు తీసి తుడుచుకుంటూ.

"అదే కదక్కా గొప్పతనం."

"ఏం గొప్పో. చెయ్యి పడిపోయినవాడు కూడా అలాగే ఉంటాడు."

అక్కకి ఇలాంటివి అర్థం కావని సిఫారసు బీరువా తలుపులు మూసేశాడు.

*

ఒక రోజు గడిచాక గండ్రగొడ్డలి భార్య వెనకగది గుమ్మంలో నిలబడింది. సిఫారసు మెరుగుపెట్టే చక్రం మీద ఎవరివో పై పళ్ళు పట్టుకుని ఉన్నాడు. తెల్లపొడి ముద్ద ముంజేతుల దాకా చిమ్మి ఉంది. పన్ను కోసం వచ్చిందనుకున్నాడు.

"ఇంకా కాలేదు వదినా, రేపు..."

"దాని కోసం రాలేదు బాబూ. అది ఆపండి ముందు."

అతను చక్రం ఆపాడు. ఆవిడ వేషగాళ్ళకి బట్టలు కుట్టే మనిషి. చూపుడువేలి చివర సూదిపోట్లతో గరుకుదేరి ఉంది. ఆ వేలితోనే అతన్ని చూపించింది.

"మీకు ఆయన ఏం చేశాడని ఆయన్ని చంపుతున్నారు?"



"ఆ చెయ్యి నటన కాదు. మెడ దగ్గర ఎముక జరిగి నరం నొక్కేస్తోందన్నాడు డాక్టరు. గ్లాసు పట్టుకోలేడు. దువ్వెన పట్టుకోలేడు. నిద్దట్లో ఆ చెయ్యి ఒంటికింద పడితే నేను తీసి పక్కన పెడతాను. ఇంకోసారి మెడ మీద పడితే కాళ్ళు కూడా పోతాయన్నాడు. ఎన్నాళ్ళో బతిమాలి, ఏడ్చి, ఆపరేషనుకి ఒప్పించాను. సరే అన్నాడు. బట్టలు కూడా సర్దాను. ఆ సాయంత్రం మీ మాటలు విన్నాడు. విన్నాడు, మళ్ళీ విన్నాడు. అన్నం తింటూ విన్నాడు. పొద్దున లేచి, శనివారం అయ్యాక చూద్దాంలే అన్నాడు."

"మరి ఆ రోజు డాక్టరమ్మ దగ్గర ఆయన నవ్వారు కదా వదినా..."

"మీరు నవ్వారు. అందుకని నవ్వాడు."

చేతిలోని పళ్ళ సెట్టు మీద పొడి ఆరిపోయి పెచ్చుకట్టింది. సిఫారసు దాన్ని కుళాయి కింద పెట్టి కడిగాడు, మళ్ళీ కడిగాడు. శనివారం చివరి ఆటలో మెరుపు మళ్ళీ బిందె బోర్లిస్తాడు. ఊళ్ళో గోడల మీద పెద్ద అక్షరాలతో అంటించి ఉంది. దాని కోసం పెళ్ళి వాయిదా వేసుకోమన్నది తనే. ఇంత చదివీ, ఇంత చూసీ, నిజంగా చెయ్యి చచ్చుబడ్డవాణ్ణి ఎదురుగా పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను ఆపుతాను వదినా," అన్నాడు.

"ఎలా మొదలుపెట్టారో అలాగే ఆపండి," అని ఆవిడ వెళ్ళిపోయింది.

*

సాయంత్రం గోదాములో కుర్చీలు వేస్తున్నారు. మేనేజరు నిచ్చెన పట్టుకుని, పైన లైటు కడుతున్నవాణ్ణి తిడుతున్నాడు. సిఫారసుని చూడగానే నిచ్చెన వదిలేసి రెండు చేతులూ చాపుకుంటూ వచ్చాడు.

"రావయ్యా రా! నీ నోటిపుణ్యమా అని గోడవార నిలబడ్డానికి కూడా చోటు లేదు."

సిఫారసు మెడ సంగతి చెప్పాడు. మేనేజరు శ్రద్ధగా తల ఊపుతూ విన్నాడు. విని, భుజం తట్టాడు.

"వాడు చేస్తానంటున్నాడు, నేను చేయించడం లేదు. వద్దని వాడి చేత చెప్పించు, ఈ క్షణం మార్చేస్తాను. చిన్నపిల్లాడేం కాదుగా."

గండ్రగొడ్డలి బరి అంచున కూర్చుని బూటుతాడు కట్టుకుంటున్నాడు. ఒక కొస పళ్ళ మధ్య పట్టి, ఇంకో కొస కుడిచేత్తో లాగి, ముడి బిగించాడు. విరిగిన పన్ను దగ్గర తాడు జారిపోతుంటే పక్కపన్నుకి మార్చుకున్నాడు. సిఫారసు వంగి కట్టబోయాడు. అతను కాలు వెనక్కి తీసుకున్నాడు.

"వచ్చిందా మా ఆవిడ?"

"వచ్చింది. నిజమేనా అన్నా?"

"నిజమైతే ఏంటి, అబద్ధమైతే ఏంటి? చూసేవాడికి రెండూ ఒకటేగా."

"మెడన్నా. ఆటలాడే చోటు కాదు అది."

గండ్రగొడ్డలి ముడి ఇంకోసారి లాగి చూసుకున్నాడు. "తమ్ముడూ, ఈ బరి మీద నేను పడని నొప్పి లేదు. నడుం పట్టుకున్నాను, మోకాలు పట్టుకున్నాను, పురిటినొప్పులు ఒక్కటే తక్కువ. అన్నీ ప్రాణంపెట్టి నటించాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు 'అయ్యో' అన్నాడా? వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూశారు. ఇప్పుడు ఈ చెయ్యి ఇలా వదిలేస్తే ఆడవాళ్ళు లేచి నిలబడుతున్నారు. మొన్న ముందువరసలో ఒక పెద్దాయన ఏడ్చాడు. నా పేరు పెట్టి అరుస్తున్నారు. చావమని కాదు తమ్ముడూ, లేవమని! ఆ మాట వినకుండానే పోతాననుకున్నాను."

"శనివారం పడితే మళ్ళీ లేవవన్నా."

"పడ్డంలో నన్ను మించినవాడు లేడని నువ్వే కదా అన్నావు?" అని నవ్వాడు. నవ్వులో విరిగిన పన్ను కనిపించింది. "ఈ ఒక్కటీ అయిపోనీ. తర్వాత కోసుకోమను, కుట్టుకోమను."

మెరుపు దూరంగా చాప మీద నీళ్ళు చల్లి తుడుస్తున్నాడు. పగలు గ్యాసు సిలిండర్లు మోసే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. సిఫారసు అతని దగ్గరికి కూడా వెళ్ళాడు. "పెద్దాయన ఎత్తమంటే ఎత్తుతాను, వద్దంటే మానేస్తాను," అన్నాడతను తల ఎత్తకుండా. గుడ్డ పిండి మళ్ళీ తుడవసాగాడు.

*

ఆ పూటే సిఫారసు చీరల మధ్య తల పెట్టి నిజం చెప్పేశాడు. పుస్తకం లేదు, సినిమా లేదు, ఒక్కటే మాట. నేను పొరపడ్డాను. అది నటన కాదు. ఆ మనిషి మెడ దెబ్బతింది, ఇంకో దెబ్బ పడితే మంచాన పడతాడు. దయచేసి శనివారం ఎవరూ వెళ్ళకండి. ఖాళీ కుర్చీలే అతన్ని కాపాడతాయి. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. చెరిపేయకుండా ఆ ఏడుపుతో సహా వదిలాడు.

పొద్దున లేచేసరికి ఫోను నిండిపోయి ఉంది. 'అన్నా ఏం కథ అల్లారన్నా!' 'సిఫారసు కూడా ఇందులో పాత్రేనా? మైండు పోయింది.' 'ఆ ఏడుపు వినండి, గండ్రగొడ్డలి దగ్గర నేర్చుకున్నట్టున్నాడు.' 'మంచాన పడతాడా లేదా, శనివారం తేలిపోతుంది.' వద్దన్నకొద్దీ ఒకరికొకరు పంపుకుంటున్నారు. మధ్యాహ్నానికి మేనేజరు ఫోను చేశాడు. ఆ వెనకే రెండో ఆట కూడా పెట్టమని జనం గొడవ చేస్తున్నారట. "నీకు ఇంత బుర్ర ఉందని అనుకోలేదయ్యా," అన్నాడు. అతని గొంతులో వెటకారం లేదు, నిజమైన గౌరవం ఉంది. సిఫారసుకి దానికే భయమేసింది.

అతను ఆ రోజు పనికి వెళ్ళలేదు. అక్క కొట్టు నుంచి వచ్చేసరికి వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాడు. సంగతంతా విని, ఆవిడ చెప్పులు విప్పుకుంటూ అంది:

"నాన్నా పులి కథే కదరా. కాకపోతే ఇందులో నువ్వు పిల్లాడివి కాదు, పులివి. ఆ మనిషిని తినేది నీ మాటే."

"నిజం చెప్పానక్కా. ఎందుకు నమ్మరు?"

"నువ్వు నెత్తిన పెట్టుకున్నవాణ్ణి వాళ్ళూ నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు వాడికి ప్రాణాపాయం అంటే ఇంకా పైకెత్తుతారు గాని కింద పెడతారా? నువ్వు ఎవర్నైనా బాగోలేదన్నావా ఎప్పుడైనా? ఆ మాట నీ నోట ఎవరూ విననే లేదు."

ఆవిడ మామూలుగానే అని లోపలికి పోయింది. సిఫారసు మాత్రం గడప మీద నుంచి లేవలేకపోయాడు. చెయ్యాల్సింది కళ్ళముందు కనబడుతోంది. దానికంటే నీచమైన పని కూడా ఇంకోటి కనబడటం లేదు.

బీరువా తెరిచాడు. మొదట్లో మాట తడబడింది. తర్వాత సాగింది. ఎంత చక్కగా సాగిందంటే, తనలో ఇంత విషం ఇన్నాళ్ళూ ఎక్కడుందా అని అతనికే ఆశ్చర్యం వేసింది.

"మిత్రులారా, క్షమించండి. నిన్న నేను చెప్పిన జబ్బుకథ వాళ్ళు చెప్పమంటే చెప్పాను. ఇక నా వల్ల కాదు. మనల్ని ఏడిపించి టికెట్లు అమ్ముకుంటున్నారు. సరే, ఏడిపించేవాడు గొప్పవాడైనా బాగుండేది. ఆ చెయ్యి సరిగ్గా చూడండి. ఒకసారి భుజం దగ్గర్నించి వేలాడుతుంది, ఇంకోసారి మోచెయ్యి దగ్గర్నించి. నిజంగా నొప్పి ఉన్నవాడు చేతిని దాచుకుంటాడు, మనకి చూపించడు. ఇది నటన కూడా కాదు, అడుక్కోవడం. గండ్రగొడ్డలి పని అయిపోయింది. ఆయనకి ఎవరైనా మర్యాదగా చెప్పాలి. నేను చెప్తున్నాను."

ప్రతి మాటా అబద్ధం. ఒక్క వివరం మాత్రం నిజం. నరం పట్టు తప్పినప్పుడల్లా ఆ చెయ్యి ఒక్కోసారి ఒక్కోలా వేలాడుతుంది. ఆ నిజాన్నే కత్తిగా వాడుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

*

శనివారం గోదాము నిండింది. టికెట్లు ముందే కొన్నారు కదా, వచ్చారు. కానీ వచ్చిన జనం మోసపోయిన జనం. మోసపోయామనుకున్న అభిమాని కంటే పగబట్టిన పాము నయం. సిఫారసు వెనక స్తంభం పక్కన నిలబడ్డాడు. గుర్తుపట్టినవాళ్ళు కొందరు చెయ్యి కలిపారు, కొందరు మొహం తిప్పుకున్నారు. అతనికి ఏదీ ఎక్కలేదు. జనం కసురుకుంటే ఆట తొందరగా తెంపేస్తారు. అదొక్కటే అతని ఆశ. కసురుకోకపోతే బిందె బోర్లిస్తారు.

గండ్రగొడ్డలి నల్లదుప్పటి కప్పుకుని వచ్చాడు. ఛీ కొట్టలేదు ఎవరూ. ఛీ కొడితే అతనికి బాగానే ఉండేది, దుర్మార్గుడికి అదే దండ. అతను తాళ్ళ మధ్య నుంచి దూరి, దుప్పటి తీసి, చెయ్యి వదిలాడు. ముందువరసలోంచి ఒకడు అరిచాడు.

"ఓవరాక్షన్!"

నవ్వులు. ఇంకొకడు అందుకున్నాడు. తర్వాత చప్పట్ల తాళంతో గోదామంతా అందుకుంది. ఓవరాక్షన్, ఓవరాక్షన్! మెరుపు అతని నడుం పట్టి తోశాడు. గండ్రగొడ్డలి పడ్డాడు, లేచాడు, చెయ్యి మళ్ళీ వేలాడింది. "ఈసారి మోచెయ్యి దగ్గర్నించి!" అని ఎవరో అరిస్తే మళ్ళీ నవ్వులు. అప్పుడతను ఒక పని చేశాడు. కుడిచేత్తో ఎడమచేతి మణికట్టు పట్టుకుని, దాన్ని వీపు వెనక పెట్టుకుని దాచబోయాడు. అది జారి ముందుకి వచ్చింది. మళ్ళీ దాచాడు. నిజంగా నొప్పి ఉన్నవాడు దాచుకుంటాడని కదా చెప్పాడు సిఫారసు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు.

సిఫారసు స్తంభానికి నుదురు ఆనించుకున్నాడు. చూడలేకపోయాడు, చూడకుండా ఉండలేకపోయాడు.

మేనేజరు బల్ల దగ్గర నుంచి వేలు గాలిలో చుట్టాడు, తెంపెయ్యమని. మెరుపు ఎత్తలేదు. ఒక మామూలు మెలికతో అతన్ని మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల మీద చేతులు ఆనించాడు, నిద్రపోతున్నవాడికి దుప్పటి సర్దినంత మెత్తగా. మూడు అంకెలు లెక్కపెట్టేశారు. గంట కొట్టేశారు. జనం అప్పటికే కుర్చీలు జరుపుకుని టీకి లేస్తున్నారు.

మెడ మిగిలింది. సిఫారసుకి ఊరట కలిగింది. ఆ వెంటనే గండ్రగొడ్డలి మొహం కనబడింది. చాప మీద అలాగే పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు. లేవమని ఎవరూ అరవలేదు. కాసేపటికి పక్కకి పొర్లి, మోకాళ్ళ మీద లేచి, దుప్పటి తనే వెతుక్కున్నాడు. తెర పక్కన సూదీదారంతో నిలబడ్డ భార్య ఎదురొచ్చింది. అతని భుజం మీదుగా సిఫారసు వైపు ఒకసారి చూసింది. కృతజ్ఞత లేదు ఆ చూపులో, కోపమూ లేదు.

*

ఆదివారం గడిచాక ఆవిడే కబురుపెట్టింది. ఆస్పత్రిలో చేరాడు, రేపు పొద్దున కోస్తారు, మీతో ఒక మాట మాట్లాడాలంటున్నాడు, సాయంత్రం రండి.

ఆస్పత్రి మెట్ల మీదే అతన్ని ఆపింది. చేతిలో ఫ్లాస్కు ఉంది.

"పొద్దుట్నించీ కిటికీలోంచి చూస్తున్నాడు. ఇంకా పూర్తిగా మనసు కుదర్లేదు. మేనేజరు ఫోన్లో ఏదో అన్నాడు, నెలాఖరుకి జనం మర్చిపోతారు, మళ్ళీ ఆడదాం అని." ఆవిడ గొంతు తగ్గించింది. "మీరు చెప్పిందంతా అబద్ధమని నాకు తెలుసు. ఆయనకి తెలియదు. తెలిస్తే ఈ రాత్రే లేచి పోతాడు."

వార్డులో మంచాల వరస చివర, కిటికీ పక్కన ఉన్నాడు. మెడ చుట్టూ గట్టి పట్టీ. తల తిప్పలేడు కాబట్టి మొత్తం ఒళ్ళు తిప్పి చూశాడు. సిఫారసు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. పట్టీ పైన మొహం చిన్నదైపోయినట్టుంది.

"పన్ను తెచ్చావా?"

"తెచ్చానన్నా. ఆపరేషనయ్యాక పెట్టిస్తాను."

"సరే." అతను కప్పు వైపు చూశాడు. పక్కమంచం మనిషి దగ్గుతున్నాడు. ఫ్లాస్కు మూత విప్పుతున్న భార్య విప్పడం ఆపేసింది.

"నీమీద కోపం లేదు తమ్ముడూ. ఎవడో ఒకడు చెప్పాలి. ఇంతమందిని చూశావు, నీకు తెలుస్తుంది. అందుకే నిన్నే అడుగుతున్నా." ఎడమచెయ్యి దుప్పటి మీద అరచెయ్యి పైకి తిరిగి ఉంది. వేళ్ళు వాటంతటవే ఒకసారి ముడుచుకున్నాయి. "నొప్పి ఉంది. అది నిజమే. కానీ నిజమైన నొప్పిని కూడా చూపించడం చేతకావాలి కదా. నాకు చేతకాలేదా? నిజం చెప్పు. ఎక్కువ చేశానా?"

సిఫారసు నాలుక చివరకి వచ్చింది, లేదన్నా అని. నీ అంత బాగా చేసినవాణ్ణి నేను ఎరగను, నీ కోసం మళ్ళీ వెయ్యిమందిని తెస్తాను అని. ఆ మాటకి ఈ మనిషి మొహం ఎలా వెలుగుతుందో అతనికి తెలుసు. ఒకసారి చూశాడు. వెలిగాక ఏమవుతుందో కూడా తెలుసు. గండ్రగొడ్డలి భార్య ఫ్లాస్కు మూత పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"ఎక్కువే చేశావన్నా," అన్నాడు.

గండ్రగొడ్డలి కళ్ళు మూసుకున్నాడు. భార్య వచ్చి, ఆ ఎడమచేతిని రెండు చేతులా ఎత్తి దుప్పటి కింద పెట్టింది.

"నేనూ అనుకున్నాను," అన్నాడు చివరికి. "మోచెయ్యి దగ్గర కాస్త తగ్గించాల్సింది."